ఒడ్డుకు కొట్టుకొచ్చినది ఎవరిది?

బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనాన్ని చరిత్ర పుస్తకాలు విదేశీ వర్తకానికి ఇచ్చిన ప్రోత్సాహంగా చెప్పి ముందుకు సాగిపోతాయి. అది నిజమే గాని, శాసనంలోని అసలు విషయం ఓడ పగలడం. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుఫానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రయానానికి తెగించిన వర్తకుల మీద దయతో తాము నిర్ణీతమైన సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నామని రాజు అందులో ప్రకటించాడు. ఒక రాజు ఒక పనిని మానుకుంటున్నానని రాతి మీద చెక్కించాడంటే, ఆ పని అంతకుముందు వరకు ఎవరికీ తప్పుగా తోచని మామూలు వ్యవహారమై ఉండాలి.

ఓడ మునక ఒక ప్రమాదం. అయితే ఆ ప్రమాదానికి సమాజం ఇచ్చుకునే అర్థం మాత్రం ఒడ్డుకు ఏది చేరుతుందన్న దాన్ని బట్టి మారుతూ వచ్చింది. సరుకు చేరిన కాలంలో అది ఆస్తి తగాదా. శవం చేరితే, లేదా చేరకపోతే, అది కర్మకాండకు సంబంధించిన చిక్కు. ముడిచమురు చేరడం మొదలయ్యాక అది నేరం, రాజకీయం, పరిహారం అయింది. ఈ మార్పులన్నీ ఒకే తీరం మీద పొరలు పొరలుగా కనిపించే చోటు ఒకటుంది: ఫ్రాన్స్ పడమటి కొసన, అట్లాంటిక్ సముద్రంలోకి పొడుచుకు వచ్చిన బ్రిటనీ ప్రాంతం.

మోటుపల్లి శాసనం నాటి రోజుల్లోనే ఆ తీరాన్ని ఏలిన లియోన్ ప్రభువుల గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. తన దగ్గర రాజుల కిరీటాల్లోని మణులన్నిటికంటే విలువైన రాయి ఒకటుందని, ఏటా లక్ష నాణేలు తెచ్చిపెడుతుందని వారిలో ఒకడు గొప్పగా చెప్పుకున్నాడట. ఆ రాయి సముద్రంలో ఓడలు తగిలి పగిలే ఒక బండ. పగిలిన ఓడ తీరపు ప్రభువు సొత్తన్న ఆచారం అక్కడ చట్టంగానే చలామణీ అయ్యేది. దానికి విరుగుడుగా బ్రిటనీ డ్యూకులు బోర్డో, లా రొషెల్ వంటి రేవుల్లో ముద్ర వేసిన పత్రాలను నావికులకు అమ్మేవారు. ఆ పత్రం చేతిలో ఉన్న ఓడ పగిలినా సరుకును ఎవరూ ముట్టుకోరాదు. గణపతిదేవుడు దయ పేరుతో ఇచ్చిన అభయాన్ని వారు వెల కట్టి అమ్మారన్నమాట. సుంకం రాబడి మీద దృష్టి ఇద్దరికీ ఉందన్నది వేరే సంగతి.

ప్రభువుల సంగతి అలా ఉంచితే, తీరంలోని జనానికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వస్తువు దొంగసొత్తు అనిపించేది కాదు. సముద్రం ఇచ్చినది సముద్రం పక్కన బతికేవారికే చెందుతుందని వారి నమ్మకం. ఆ తీరానికి ఎదురుగా ఉన్న ఉషాంట్ ద్వీపం దీనికి మంచి ఉదాహరణ. చెట్లు దాదాపుగా లేని ఆ ద్వీపంలో పాత ఇళ్లలోని పెట్టె మంచాలు, బీరువాలు, బల్లలు చాలావరకు పగిలిన ఓడల చెక్కతో చేసినవే. రకరకాల చెక్క ముక్కలను అతికినట్టు తెలియకుండా వాటికి నీలం, తెలుపు రంగులు పూసేవారు. ఏ ఓడ పలక మీద ఎవరు చనిపోయారో తెలియని చెక్కతో చేసిన మంచంలోనే పిల్లలు పుట్టి పెరిగేవారు. ఆ ద్వీపవాసులు ఇందులో వింతేమీ చూసి ఉండరు.

వింతగా చూసింది బయటివారు. తుఫాను రాత్రుల్లో ఆవు కొమ్ముకు లాంతరు కట్టి, కాళ్లకు బంధం వేసి ఒడ్డున నడిపించేవారని, కదిలే ఆ దీపాన్ని మరో ఓడ అనుకుని నావికులు బండల మీదికి వచ్చేవారని బ్రిటనీ ఉత్తర తీరం మీద పెద్ద అపవాదు ఉంది. 1681 నాటి ఫ్రెంచి నౌకాచట్టం దొంగదీపాలు పెట్టేవారికి మరణశిక్ష విధించింది. చట్టం ఉంది గాని, దొంగదీపాల ఆరోపణకు గట్టి రుజువులు చరిత్రకారులకు పెద్దగా దొరకలేదు. ఓడ పగిలాక సరుకు ఎత్తుకుపోయిన కేసులు మాత్రం కోకొల్లలు. ఆ లాంతరు కథ పందొమ్మిదో శతాబ్దపు రచయితలకు, యాత్రికులకు బాగా నచ్చింది. నాగరికతకు దూరంగా ఉన్న మొరటు జనమంటూ ఒక ప్రాంతం మీద ముద్ర వేయడానికి ఇంతకన్నా అనువైన కథ దొరకదు. ఈ ముద్ర తర్వాతి కాలంలో ఎలా తిరగబడిందో ముందుముందు చూద్దాం.

సరుకు చేరినప్పుడు హక్కుల మాట వస్తే, మనుషులు తిరిగి రానప్పుడు వచ్చే చిక్కు ఇంకా లోతైనది. ఉషాంట్ మగవారిలో ఎక్కువమంది నౌకాదళంలోనో వర్తక నౌకల్లోనో పనిచేసేవారు. వారు ఎక్కడో దూర సముద్రాల్లో చనిపోయేవారు, శవం ఇంటికి చేరేది కాదు. పాతిపెట్టడానికి శరీరం లేని చావు కోసం ఆ ద్వీపంలో ప్రోఎల్లా అనే కర్మ ఏర్పడింది. చావు కబురు అందగానే కుటుంబంలోని ఒక పెద్దాయన చీకటి పడ్డాక ఆ ఇంటికి వెళ్లి తలుపు తట్టి, ఈ రాత్రి మీ ఇంట ప్రోఎల్లా ఉందని చనిపోయినవాని భార్యకు చెప్పేవాడు. చనిపోయాడన్న మాట నేరుగా అననక్కరలేదు. బల్ల మీద తెల్లని గుడ్డ పరిచి, రెండు కొవ్వొత్తుల మధ్య మైనంతో చేసిన చిన్న శిలువను ఉంచేవారు. ఆ శిలువే శవం. ఇరుగుపొరుగు వచ్చి తెల్లవార్లూ ప్రార్థనలు చేస్తూ దానికి జాగారం ఉండేవారు. మర్నాడు మతగురువు వచ్చి, నిజమైన శవాన్ని తీసుకుపోయినట్టే ఊరేగింపుగా దాన్ని చర్చికి చేర్చేవాడు. అక్కడ పోగైన శిలువలను కొన్నేళ్లకొకసారి ఊరి శ్మశానంలో 1868లో కట్టిన చిన్న సమాధి మందిరంలోకి మార్చేవారు. చివరి ప్రోఎల్లా 1962లో జరిగింది.

శవం దొరకనప్పుడు దర్భలతో మనిషి ఆకారం చేసి దహనం చేసే ఆచారం తెలిసిన తెలుగువారికి దీని అవసరం విడమరచి చెప్పనక్కరలేదు. ఎదురుచూపును ఆపడానికి ఒక హద్దు కావాలి. పోయినవాడు పోయాడని ఊరంతా ఒప్పుకున్న తర్వాతనే భార్య వితంతువుగానైనా తన జీవితం కొనసాగించగలదు, ఆస్తి పంపకం జరగగలదు. 1896 జూన్‌లో డ్రమ్మండ్ కాజిల్ అనే బ్రిటిష్ నౌక ఉషాంట్, మొలేన్ ద్వీపాల మధ్య బండలకు తగిలి కొద్ది నిమిషాల్లో మునిగిపోయింది. ముగ్గురు మాత్రమే బతికారు. కొట్టుకొచ్చిన పరాయి శవాలకు ద్వీపవాసులు తమ గుడ్డలు కట్టి, తమ పిల్లలకు చేసినట్టే అంత్యక్రియలు చేశారు. కృతజ్ఞతగా ఇంగ్లండ్ నుంచి కానుకలు వచ్చాయి. వాటిలో మొలేన్‌కు మంచినీటి తొట్టి, చర్చి గడియారం ఉన్నాయి. లాంతరు కట్టిన ఆవు కథ పుట్టింది కూడా ఇదే సముద్రతీరం గురించే.

ఇప్పటి వరకు చెప్పిన ఓడ మునకలన్నిటిలో నష్టం ఓడలోని వారిది. ఒడ్డు దాన్ని చూసేది, పాతిపెట్టేది, కొన్నిసార్లు లాభపడేది. చమురు నౌకలు వచ్చాక ఈ సంబంధం తలకిందులైంది. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే నౌక కువైట్ నుంచి తెస్తున్న సుమారు 1,19,000 టన్నుల ముడిచమురుతో ఇంగ్లండ్ నైరుతి కొసన బండల మీదికి ఎక్కింది. చమురును తగలబెట్టడానికి బ్రిటిష్ ప్రభుత్వం విమానాలతో బాంబులు వేయించింది. కొన్ని వారాల్లో ఆ తెట్టు ఇంగ్లిష్ చానల్ దాటి బ్రిటనీకి చేరింది. పదకొండేళ్ల తర్వాత 1978 మార్చి 16న బ్రిటనీ తన సొంత విపత్తును చూసింది. సుమారు 2,23,000 టన్నుల ముడిచమురుతో వస్తున్న అమోకో కాడిజ్ అనే నౌకకు ఉదయం చుక్కాని యంత్రం చెడిపోయింది. సాయానికి వచ్చిన జర్మన్ టగ్ నౌక కట్టిన తాడు సాయంత్రం తెగింది. రాత్రి తొమ్మిది గంటల వేళ పోర్సాల్ ఎదుట బండలకు తగిలిన ఆ నౌక ఆపై రెండుగా విరిగింది. అందులో ఉన్నవారిని హెలికాప్టర్లు తాళ్లతో పైకి లాగి కాపాడాయి. ఒక్కరూ చనిపోలేదు.

ఆ రాత్రి పోర్సాల్‌లో జనానికి ఓడ కనిపించక ముందే వాసన తెలిసింది. ఇంట్లో గ్యాసు లీకయిందేమో, నూనె పొయ్యి చెడిందేమో అని వెతుక్కున్నవారు ఉన్నారు. తెల్లవారి చూస్తే అలలకు చప్పుడు లేదు. చమురు బరువుకు నీరు విరగడం మానేసింది. ఆ తర్వాతి వారాల్లో 300 కిలోమీటర్లకు పైగా తీరం నల్లబడింది. వేలాది టన్నుల ఆలుచిప్పల పంటను నాశనం చేయవలసి వచ్చింది. పొలాలకు పేడనీరు చల్లడానికి రైతులు వాడే ట్యాంకర్లే చమురు తోడడానికి దిగాయి.

టగ్ కెప్టెన్‌కు, నౌక కెప్టెన్‌కు మధ్య సాయానికి ఇచ్చే ప్రతిఫలం గురించి రేడియోలో సాగిన బేరాల వల్ల ఎంత సమయం వృథా అయిందన్నది విచారణల్లో తెగని వాదమైంది. తీరంలో మాత్రం ఆ వాదానికి చోటు లేదు. గాలివాన తమ మీదికి ఓడను తోస్తుంటే, దూరాన చికాగోలోని యజమాని అనుమతి కోసం ఎదురుచూశారన్నదే అక్కడ నిలిచిపోయిన జ్ఞాపకం. ఓడ యజమాని అమెరికా కంపెనీ, జెండా లైబీరియాది, కెప్టెన్ ఇటలీవాడు, చమురు గల్ఫ్ దేశాలది, మునిగింది ఫ్రాన్స్‌లో. పూర్వం ఓడ పగిలితే దేవుణ్ణో సముద్రాన్నో నిందించేవారు. ఈసారి నిందించడానికి ఎందరో ఉన్నారు గాని, వారిలో ఒక్కరి చిరునామా కూడా స్పష్టంగా లేదు.

నిందకు కొత్త దారి రాజకీయంలో దొరికింది. ఇక్కడే ఆ పాత ముద్ర తిరగబడింది. ఓడలను దోచే మొరటు జనమన్న పేరు మోసిన ప్రాంతం, ఇప్పుడు పారిస్ నిర్లక్ష్యానికీ ప్రపంచ చమురు వ్యాపారానికీ బలైన ప్రాంతంగా తనను తాను చెప్పుకోగలిగింది. అదే రోజుల్లో బ్రిటనీ పడమటి కొసన ప్లొగోఫ్‌లో అణువిద్యుత్ కేంద్రం కట్టే ప్రతిపాదన నలుగుతోంది. ఇవాళ చమురు, రేపు అణుధార్మికత అన్న అర్థంతో నినాదాలు పుట్టాయి. 1981లో ఆ అణుకేంద్రం ప్రతిపాదనను ఫ్రెంచి ప్రభుత్వం వదులుకుంది. దీనికి కారణం అమోకో కాడిజ్ ఒక్కటే అనడం అతిశయోక్తి అవుతుంది. కానీ చమురు పూసుకున్న ఒడ్డు ఎదురుగా ఉండగా, అంతా భద్రమేనన్న అధికారుల మాటను నమ్మించడం ఆ ప్రాంతంలో మునుపటంత తేలిక కాలేదు.

దుఃఖం విషయంలో అంత సులువైన దారి దొరకలేదు. మనుషులెవరూ చనిపోని విపత్తుకు ఏ కర్మ చేయాలి? ప్రోఎల్లాకు ఒక పేరు, ఒక ఇల్లు, ఒక వితంతువు కావాలి. నల్లబడిన ఒడ్డుకు అవేవీ లేవు. ఆ ఖాళీలోకి పక్షి వచ్చి చేరింది. రెక్కలు అంటుకుపోయి, కళ్లు మాత్రమే మెరుస్తూ ఇసుకలో కూలబడిన సముద్రపక్షి ఫోటో టోరీ కాన్యన్ నాటి నుంచి ప్రతి చమురు విపత్తుకూ ముఖచిత్రమైంది. లెక్క ప్రకారం చూస్తే ఇసుకలో, రాళ్ల సందుల్లో చచ్చిన చిన్న జీవుల సంఖ్య పక్షుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వాటి కోసం ఎవరూ కన్నీరు పెట్టలేదు. వాటికి మన వైపు చూసే కళ్లు లేవు.

పక్షిని కడగడం, ఒడ్డును కడగడం ఈ కాలపు కర్మకాండ అయ్యాయి. సైనికులు, విద్యార్థులు, దూర ప్రాంతాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు బకెట్లు, పారలు పట్టుకుని వారాల తరబడి పనిచేశారు. ఆ శ్రమ విలువను తక్కువ చేయలేము. అయితే కర్మ చేసేవారికి ఊరట ఇచ్చే పని, ఎవరి కోసం చేస్తున్నామో వారికి మేలు చేయాలన్న నియమం లేదు. టోరీ కాన్యన్ చమురు మీద ఇంగ్లండ్ తీరంలో కుమ్మరించిన డిటర్జెంట్లు చమురు కన్నా ఎక్కువగా జీవులను చంపాయి. డిటర్జెంటు పడని బండలు రెండు మూడేళ్లలో కోలుకుంటే, బాగా చల్లిన చోట్ల పదేళ్లకు పైగా పట్టింది. అమోకో కాడిజ్ తర్వాత ఇల్ గ్రాండ్ అనే చోట ఉప్పునీటి మడను యంత్రాలతో గీకి చమురుతో పాటు మట్టిని కూడా ఎత్తేశారు. కడగకుండా వదిలేసిన మడలు దానికంటే ముందు కోలుకున్నాయి. చూడటానికి శుభ్రమైన ఒడ్డు కావాలన్న కోరిక మనిషిది. ఆ కోరిక వెనుక పర్యాటకుల రాకపోకల లెక్క ఉంది, మైలను ఇంటి ముందు ఉంచుకోలేని పాత సంస్కారం కూడా ఉంది.

న్యాయస్థానంలో ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. ప్లూడల్మెజో మేయర్ అల్ఫోన్స్ ఆర్జెల్ నాయకత్వంలో సుమారు 90 ఊళ్లు ఒక సంఘంగా ఏర్పడి, ఫ్రెంచి ప్రభుత్వంతో పాటు, ఓడ వెనుక ఉన్న మాతృసంస్థ స్టాండర్డ్ ఆయిల్ మీద దాని సొంత నగరమైన చికాగోలోనే దావా వేశాయి. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దొరికే పరిహారానికి పరిమితి ఉంది. ఆ పరిమితిని దాటాలంటే అదే దారి. 1984లో కంపెనీదే బాధ్యత అని తీర్పు వచ్చింది. ఎంత చెల్లించాలన్నది తేలడానికి 1992 దాకా పట్టింది. చివరికి వంద కోట్ల ఫ్రాంకులు దాటిన పరిహారం ఖరారైంది. శుభ్రం చేసిన ఖర్చుకు డబ్బు వచ్చింది, బేరగాళ్లు రాని హోటళ్లకు వచ్చింది, జాలర్ల నష్టానికి వచ్చింది. సముద్రంలో చచ్చిన జీవరాశికి మాత్రం ఏమీ రాలేదు. అవి ఎవరి సొత్తూ కావు, కాబట్టి వాటి నష్టాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి.

ఆ వాదాన్ని మోటుపల్లి శాసనంతో పోల్చి చదవాలి. ఆనాడు కొట్టుకొచ్చిన ప్రతి వస్తువుకూ హక్కుదారుడు ఉండేవాడు, ఆ హక్కు కోసం రాజులు, ప్రభువులు, పల్లెలు కొట్టుకునేవారు. ఏడు వందల ఏళ్ల తర్వాత కొట్టుకొచ్చిన దాన్ని తమదని ఎవరూ అనడం లేదు. దానివల్ల చచ్చినదాన్ని తమదని అనే హక్కు కూడా ఎవరికీ దొరకలేదు. ఈ ఖాళీ నిండడానికి బ్రిటనీ మరో ఓడ మునకను చూడవలసి వచ్చింది. 1999 డిసెంబర్ 12న మాల్టా జెండా కింద నడుస్తూ, టోటల్ సంస్థ అద్దెకు తీసుకున్న ఎరికా అనే నౌక బ్రిటనీ దక్షిణాన విరిగి, సుమారు 20,000 టన్నుల చిక్కని ఇంధనాన్ని చిమ్మింది. ఆ కేసులో 2012 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం మనుషుల ఆస్తినష్టంతో నిమిత్తం లేకుండా ప్రకృతికే జరిగిన నష్టాన్ని పరిహారానికి అర్హమైనదిగా గుర్తించింది. 2016లో ఆ భావన ఫ్రెంచి పౌరచట్టంలోకి ఎక్కింది. సముద్రం తన తరఫున మాట్లాడలేదు గనుక ప్రభుత్వం, స్థానిక సంస్థలు, పర్యావరణ సంఘాలు దావా వేయవచ్చు.

వీటితో పాటు ఓడ మునకకు ఇంకో అర్థం ఉంది, అది వినోదం. 2020 అక్టోబర్‌లో వాయుగుండం తోసుకొచ్చిన ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ సరుకు నౌక విశాఖపట్నం తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కినప్పుడు, అందులోని ఇంధనం కారుతుందేమోనని అధికారులు ఆందోళన పడుతుంటే, నగరం సెల్ఫీల కోసం కదిలి వచ్చింది. దాన్ని అక్కడే హోటల్‌గా మార్చాలన్న ఆలోచనా సాగింది. దీన్ని తప్పు పట్టనక్కరలేదు. హాని చేయని ఓడ ఎక్కడైనా చూడముచ్చటగానే ఉంటుంది. హాని చేసిన ఓడను ఏం చేయాలన్నదే కష్టం. పోర్సాల్ వారు అమోకో కాడిజ్ లంగరును రేవు గట్టు మీద నిలబెట్టారు. ఓడ శిథిలం మాత్రం సుమారు 30 మీటర్ల లోతున అక్కడే ఉంది. డైవర్లు సరదాగా దిగి చూసి వస్తుంటారు.

మన తీరానికి వస్తే, 2025 మే 25న కేరళ తీరానికి దగ్గరలో ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే కంటైనర్ నౌక మునిగింది. జెండా మళ్ళీ లైబీరియాదే. ఉన్న 24 మందీ క్షేమంగా బయటపడ్డారు. కంటైనర్లలోని పప్పు గింజంత ప్లాస్టిక్ గుళికలు తిరువనంతపురం తీరం దాకా కొట్టుకొచ్చాయి. స్వచ్ఛంద సేవకులు ఇసుకను జల్లెడ పట్టి వాటిని ఏరారు. చేపలు తినవచ్చా అన్న అనుమానంతో కొనేవారు వెనకాడుతుంటే, జాలర్లకు చిన్న వేటకు కూడా గిట్టుబాటు లేని రోజులు వచ్చాయి. 2021లో శ్రీలంక దగ్గర కాలి మునిగిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నౌక నుంచి సుమారు 1,680 టన్నుల ఇలాంటి గుళికలే సముద్రంలో కలిశాయి. ఆ కేసులో శ్రీలంక సుప్రీంకోర్టు 2025 జూలైలో వంద కోట్ల డాలర్ల పరిహారం చెల్లించమని ఆదేశించింది. కేరళ ప్రభుత్వం తన హైకోర్టులో వేసిన నౌకా దావాలో 9,531 కోట్ల రూపాయలు కోరింది. అందులో జాలర్ల నష్టానికి అడిగింది సుమారు 526 కోట్లు, శుభ్రపరచడానికి, నివారణ చర్యలకు సుమారు 378 కోట్లు. మిగిలిన 8,626 కోట్లూ పర్యావరణ నష్టం పద్దు కిందనే ఉన్నాయి. చికాగోలో సున్నా పడిన పద్దు ఇక్కడ దావాలో పదింట తొమ్మిది వంతులైంది. ఆ అంకెను సముద్రం తరఫున ఏ కొలతతో రుజువు చేయాలన్న దాని మీదే ఇలాంటి దావాల బలం ఆధారపడి ఉంటుంది.